షికార్ బంద్

నాకు ఇరవై ఏళ్ళు నిండే వేళకు చెరువు మీద నౌకరీ దొరికింది. పంతొమ్మిది వందల ముప్ఫైల చివరి మాట ఇది. నౌకరీ అనగానే కుర్చీ, బల్ల ఊహించుకోకండి. మంజీర మీద పెద్ద ఆనకట్ట కట్టి అప్పటికి ఏడెనిమిదేళ్ళయింది. దాని కాలువ నీళ్ళు బాన్సువాడ దాటి, నస్రుల్లాబాద్ తోవలో ఉన్న ఒక పాత చెరువులో కూడా పడేవి. ఆ చెరువు తూము పక్కన నీళ్ళలో ఒక రాతి కంబం, దాని మీద గీతలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీరు ఏ గీతను తాకిందో చూసి పుస్తకంలో ఉర్దూలో రాయాలి. పదిహేను రోజులకోసారి ఆ వివరం బాన్సువాడ కచేరీలో ఇచ్చి రావాలి. మిగతా పొద్దంతా కట్ట మీద కూర్చొని ఈగలు తోలుకోవచ్చు.

మాది రుద్రూర్ వైపు వరీ చెరుకూ పండించే ఇల్లు. అన్నదమ్ములందరిలో నాకొక్కడికే ఉర్దూ చదువు అబ్బింది. దానితోపాటు కాస్త పొగరు కూడా అబ్బింది. "వీనికి నాగలి పట్టరాదు గని, కలం పట్టుకొని మీసం మెలేస్తుండు" అని మా నాయన వచ్చిన చుట్టమల్లా వినేటట్టు అనేవాడు. నాకు కోపం వచ్చేది, కానీ మీసం మెలేయడం మానలేదు.

ఆ చెరువుకు నాకంటే ముందు నుంచీ ఒక నీరటి ఉన్నాడు. తూము తెరిచేది, మూసేది, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూసేది ఆయనే. తాతముత్తాతల నుంచీ వాళ్ళ ఇంటి పని అది. అందుకు చెరువు కింద వాళ్ళకో ముక్క మాన్యం ఉండేది. ఆ ముక్క తప్ప ఆ ముసలి మొగుడూ పెళ్ళాలకు వేరే ఆధారం లేదు. నేను పనిలో చేరిన రెండో రోజు దర్జాగా కంబం ముందు నిలబడి గీతలు చూస్తుంటే, ఆయన వెనక నుంచి వచ్చి నీటి అంచును కాలితో తాకి, "నిన్నటికి రెండు వేళ్ళు దిగింది పటేలా" అన్నాడు. పుస్తకం తీసి చూశాను. సరిగ్గా రెండు వేళ్ళే. ఆయనంటే నాకు కొంచెం మంట పుట్టింది ఆ రోజే.

నేను చేరింది రోహిణి కార్తెలో. ఎండకు చెరువు ముప్పాతిక ఎండిపోయి, నల్లమన్ను బీటలు వారి ఉంది. మిగిలిన మడుగు చుట్టూ గుడ్డికొంగలు మెడలు ముడుచుకొని నిలబడేవి. మడుగులో చేపలు తక్కువై నీటికుక్కలు మంజీర వైపు వెళ్ళిపోయాయి. వాటి అడుగులు మాత్రం ఎండిన బురదలో అచ్చుపోసినట్టు ఉండేవి. తీతువు పిట్ట గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడితే, పశువులు తొక్కకుండా నీరటి వాటి చుట్టూ నాలుగు పెద్ద రాళ్ళు పేర్చాడు. ఆ తీతువు కృతజ్ఞత ఏమీ చూపలేదు. ఆయన కనబడ్డప్పుడల్లా నెత్తి మీద తిరుగుతూ తిట్టేది. ఆయన కూడా దాన్ని తిట్టేవాడు.

మిరుగం, అదే మృగశిర కార్తె వచ్చి, మొదటి వాన పడ్డ మర్నాడు నేల మీద ఎర్ర మఖమలు గుండీల్లాంటి ఆరుద్ర పురుగులు నడిచాయి. కప్పలు గొంతులు విప్పి నా చెవులు చిల్లులు పొడిచాయి. కాలువ నీళ్ళు తోడై చెరువు నిండుతుంటే, శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో ఉన్న తుమ్మచెట్లు నడుముల దాకా మునిగాయి. ఒకరోజు పొద్దున నీరటి ఆకాశం వైపు చెయ్యి అడ్డం పెట్టుకొని, "వచ్చిన్రు" అన్నాడు. ఎవరో దొరలు వచ్చారనుకొని నేను తలపాగా సర్దుకున్నాను. వచ్చినవి కొంగలు.

బూడిద కలిసిన తెలుపు ఒళ్ళు, నల్ల రెక్కలు, మూసినా మధ్యలో సందు కనపడే పెద్ద ముక్కు. నత్తలు తింటాయి గనక మా వైపు నత్తకొంగలంటారు. ముందు ఒకటి వచ్చి చెట్ల మీద మూడుసార్లు తిరిగి పోయింది. మర్నాడు నూర్లకొద్దీ దిగాయి. పుల్లల కోసం కొట్లాటలు, ఒకదాని గూట్లోంచి ఒకటి దొంగతనాలు, మొగుడూ పెళ్ళాలు ముక్కులు టకటకలాడించుకోవడం. పుబ్బ కార్తె నాటికి గూళ్ళలో పిల్లలు. ఇక కంపు సంగతి అడగకండి. పుస్తకం రాసేటప్పుడు ఒక చేత్తో ముక్కు మూసుకునేవాణ్ణి.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. మిరుగం నుంచి పిల్లలు ఎగిరిపోయే దాకా కట్ట మీద డప్పు మోగకూడదు. పెళ్ళి ఊరేగింపు వచ్చినా కట్ట దగ్గర మేళం ఆపి, చుట్టుతిరిగి పొలాల వెంట పోయేవాళ్ళు. బతుకమ్మలు తెచ్చే ఆడవాళ్ళు కూడా నిండిన నీళ్ళు పొర్లిపోయే మత్తడి వైపు మూలన చప్పట్లు మెల్లగా తడుతూ ఆడి, పూలు నీళ్ళలో వదిలి పోయేవాళ్ళు. ఇదంతా కొంగల మీద జాలి అనుకున్నాను. నీరటిని అడిగితే నవ్వాడు.

"జాలెందుకు పటేలా? ఎండ్రికాయలు కట్టకు బొక్కలు జేస్తయి. ఒక్క బొక్క సాలు, చెరువంత పోతది. గీళ్ళు ఎండ్రికాయలను తింటరు. జీతం లేని నౌకర్లు. నీకు జీతం ఉన్నది గని, ఒక్క ఎండ్రికాయనన్న తింటివా?"

నేను ఊళ్ళో ఎన్నో మాటలు పడ్డాను గానీ, ఎండ్రికాయ తినలేదని ఎవరూ తిట్టలేదు.

స్వాతి కార్తెలో కొంగలు వెళ్ళిపోయాక చెట్లు తెల్లటి రెట్టతో సున్నం కొట్టినట్టు మిగిలాయి. చలి ముదిరే కొద్దీ బాతులు దిగాయి. తల మీద నల్లచారలున్న పెద్ద బాతులు పగలంతా నీళ్ళలో ఉండి, పొద్దుగూకితే శనగ చేలమీద పడేవి. లకుముకి పిట్ట నా కొలత కంబాన్నే పీట చేసుకుంది. పొద్దున నేను వచ్చేదాకా అక్కడే కూర్చొని, నన్ను చూసి విసుక్కున్నట్టు అరిచి లేచేది. శివరాత్రి దాటాక బాతులూ పోయాయి. అలా ఒక ఏడు తిరిగి వచ్చేసరికి నాకే తెలియకుండా ఆ చెరువు నాదైంది. రుద్రూర్ వెళ్ళినా రెండు రోజులకే కాలు నిలిచేది కాదు.

రెండో ఏడు ఉత్తర కార్తెలో బాన్సువాడ కచేరీకి వెళ్ళినప్పుడు, చెరువు ఊరి పెద్దలకు చదివి వినిపించమని నా చేతికి ఒక హుకుం కాగితం ఇచ్చారు. తోవలో చదువుదాంలే అని తలపాగా మడతలో పెట్టుకున్నాను. సగం దూరం వచ్చేసరికి వాన పట్టుకుంది. తల దాచుకోవడానికి చెట్టు కూడా లేదు. ఊరు చేరి తలపాగా విప్పితే కాగితం పచ్చడి. ఆరబెట్టాక చాలావరకు అక్షరాలు మిగిలాయి, అక్కడక్కడ సిరా నీలంగా పరుచుకుంది.

చావడి ముందు జనం చేరారు. నీరటి ఒక పక్కన కర్ర ఆనించుకొని నిలబడ్డాడు. నేను గొంతు సవరించుకొని చదివాను: షికార్ బంద్, తరువాత ఒక సిరా మరక, హోగా. దాని కింద, తగిన ఇంతెజాం చేయాలి, ఈ పక్షంలో ఇంజనీరు సాబ్ స్వయంగా వస్తారు అని ఉంది. నాకు పట్టలేని సంతోషం వచ్చింది.

"సర్కారుకు బుద్ధొచ్చింది. మన చెరువు మీద షికార్ బంద్! ఎవడన్నా తుపాకీ పట్టుకొస్తే ఆపాలె, దానికి ఇంతెజాం చేయమంటున్నరు. ఇంజనీరు సాబే చూడనీకి వస్తుండు" అని అర్థం చెప్పాను. ఇంతెజాం అంటే కాపలా అని కూడా నేనే తేల్చాను. పెద్దలు తలలూపారు. మత్తడి వైపు ఇద్దరు మనుషులను పెట్టాలని, బండ్ల తోవ వైపు నీరటి నిలబడాలని ఒప్పుకున్నారు. నీరటి కాగితం అడిగి తీసుకున్నాడు. తడవకుండా వెదురు గొట్టంలో పెట్టుకున్నాడు. చదువురాని మనిషి కాగితాన్ని అంత భక్తిగా దాచుకుంటే నాకు మీసం ఇంకొంచెం మెలేయాలనిపించింది.

హస్త కార్తె వచ్చింది. కొంగపిల్లలు తల్లులంత ఎత్తు పెరిగాయి కానీ ఎగరడం రాలేదు. గూటి అంచున నిలబడి రెక్కలు కొట్టుకొని, భయపడి మళ్ళీ కూర్చునేవి. ఒకటి జారి నీళ్ళలో పడితే నీరటి ఈదుకుంటూ పోయి, చెట్టెక్కి గూట్లో పెట్టాడు. "ఇంక పదిహేను దినాలు. గంతే" అన్నాడు ఒళ్ళు తుడుచుకుంటూ.

ఆ మర్నాడు నేను పొద్దుటి గీత చూసి రాస్తుంటే బండ్ల తోవ వైపు కేకలు వినపడ్డాయి. పరుగెత్తాను. రెండెడ్ల బండి నిండా డేరా గుడ్డలు, వంట గిన్నెలు, తోలు సంచుల్లో తుపాకులు. బండి ముందు కచేరీ జవాను. జవాను ముందు, కట్ట మొదట్లో, అడ్డంగా కర్ర పట్టుకొని నీరటి.

"షికార్ బంద్ పర్ హై!" అని జవాను అరుస్తున్నాడు.

"మేము గదే అంటున్నం, షికార్ బంద్!" అని నీరటి అరుస్తున్నాడు.

"అరే, బంద్ పర్!"

"ఆ, బందే!"

ఇద్దరూ ఒకే మాట అరుచుకుంటూ కొట్లాడుకోవడం చూసి ముందు నవ్వొచ్చింది. తరువాత ఆ 'పర్' నా చెవిలో పడింది. కాళ్ళ కింద కట్ట కదిలినట్టయింది.

మాకు కట్ట అంటే కట్టే. బంద్ అంటే దుకాణం బంద్, బడి బంద్, తూము బంద్. కచేరీలో పాతవాళ్ళు ఉర్దూలో కూడా కట్టా అనే రాసేవాళ్ళు. కానీ ఎక్కడి నుంచో కొత్తగా వచ్చిన గుమాస్తా ఒకడు కట్టను బంద్ అని రాస్తాడు. ఉర్దూలో ఆ మాటకు ఆ అర్థం కూడా ఉంది. పర్ అంటే మీద. షికార్ బంద్ పర్ హోగా, అంటే వేట కట్ట మీద జరుగుతుంది. ఆ ఒక్క 'పర్' మీద వాన పడింది. మిగిలినదాన్ని నేను, ఉర్దూ పండితుణ్ణి, వేట ఆగిపోతుందని చదివాను. డేరాకు చోటు, పిట్టలను లేపడానికి చెట్లు కదిలించే మనుషులు, వంటకు కట్టెలు, ఈ ఏర్పాట్లు చూడమన్న ఇంతెజాంను కాపలా చేశాను. నా మాట నమ్మి ఈ ముసలాయన సర్కారు మనిషికి కర్ర అడ్డం పెట్టాడు. మాన్యం ఊడబెరకడానికి అంతకంటే కారణం అక్కర్లేదు.

నేను నోరు తెరిచేలోపు ఇంజనీరు సాబ్ మోటారు వచ్చింది. సన్నటి మనిషి, నెరిసిన గడ్డం, చేతిలో గొడుగు. యే క్యా తమాషా హై అని అడిగాడు. జవాను చెప్పాడు. నీరటి వెదురు గొట్టంలోంచి కాగితం తీసి, రెండు చేతులతో ఆయనకిచ్చాడు. ఆయన చదివాడు. మరక దగ్గర వేలు ఆగింది.

అప్పుడు నేను ముందుకు వచ్చాను. ఉర్దూలో చెప్పాను: హుజూర్, ఈయన తప్పు లేదు. పర్ అనే మాట వానలో కొట్టుకుపోయింది. నేను చూసుకోకుండా తప్పు చదివాను. శిక్ష నాకు వేయండి. ఆ మాటలు అంటుంటే నీరటి నా వైపు చూశాడు. కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. ఆయన ఉర్దూ మాట్లాడలేడు గానీ వింటే తెలుస్తుంది. నా వల్ల ఇంత పనైందని తెలిసి కోపం వచ్చిందనుకున్నాను. రావడం న్యాయమే అనుకొని తల దించుకున్నాను.

ఇంజనీరు సాబ్ తలెత్తి చెట్ల వైపు చూశాడు. చెట్ల మీద పిల్లలు మెడలు చాచి అరుస్తున్నాయి. ఇంతకూ ఈ ముసలివాడికి ఈ పక్షులతో ఏం పని అని నన్ను అడిగాడు. నేను ఆ ప్రశ్నను నీరటికి తెలుగులో చెప్పబోయాను. నీరటి ఆగలేదు. మత్తడి వైపు నాలుగడుగులు నడిచి, కట్ట వాలుకు దిగి, ఒక బొక్కలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. ఎండ్రికాయను బయటికి లాగి ఇంజనీరు బూట్ల ముందు వేశాడు.

"దొరా, మీరు కట్ట సూడనీకి వచ్చిన్రు గద. ఇగో, కట్టను తోడేది గిది. దీన్ని తినేటోళ్ళు గా చెట్ల మీదున్నరు. వాళ్ళను కాలిస్తే గీ బొక్కలు నేను పూడ్సాలెనా, మీరు పూడుస్తరా?"

నేను తర్జుమా చేశాను. చివరి మాట కొంచెం మెత్తగా చేశాను. ఇంజనీరు సాబ్ ఎండ్రికాయ వైపు చూశాడు. తరువాత గొడుగు తెరిచి, ఒంటరిగా కట్ట మీద నడవడం మొదలుపెట్టాడు.

చాలాసేపు నడిచాడు. చెట్లకు దూరంగా మత్తడి వైపు వంగి వంగి చూశాడు. గొడుగు మొనతో వాలులోని బొక్కల్లో పొడిచాడు. మళ్ళీ వెనక్కి వచ్చి, చెట్ల ఎదురుగా ఉన్న కట్టను అలాగే పరీక్షించాడు. అక్కడ కాలి కింద పగిలిన నత్తగుల్లలు తప్ప ఒక్క బొక్క లేదు. మా నాయన మొహం కళ్ళ ముందు కనపడింది. నా నౌకరీ పోతే పోయింది, ఈ ముసలాయన మాన్యం మాత్రం పోకూడదని మొక్కని దేవుడు లేడు.

ఆయన తిరిగి వచ్చి బండి చక్రం మీద కాగితం ఆనించి, జేబులోంచి కలం తీశాడు. మరక మీద 'పర్' రాస్తాడనుకున్నాను. రాయలేదు. మరకను అలాగే ఉంచి కింద దస్కతు చేశాడు. కాగితంలో ఇప్పుడున్నదే హుకుం అన్నాడు. నాతో మాత్రం, ఈసారి కాగితం తలపాగాలో కాదు, డబ్బీలో పెట్టుకో అన్నాడు. రేపు వచ్చే అతిథులను డోంగ్లి వైపు బీళ్ళలోకి, కౌజు పిట్టల వేటకు తీసుకుపొమ్మని జవానుకు చెప్పాడు. కౌజుల తరఫున మాట్లాడేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. అది తలుచుకుంటే ఇప్పటికీ కాస్త సిగ్గేస్తుంది, కానీ ఆ క్షణాన నాకు కౌజులు గుర్తు రాలేదు.

మోటారు దుమ్ము అణిగాక తూము రాయి మీద కూలబడ్డాను. ఏడుపు, నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి. ఒళ్ళంతా తేలికైపోయింది.

"తాతా, నువ్వు బతికిపోయినవ్. నేను బతికిపోయిన. నేను తప్పు సదివి నిన్ను ఇరికించిన. నన్ను మన్నించు" అన్నాను.

"నాకెరుకే" అన్నాడు ఆయన, కర్ర పక్కన పెడుతూ.

"ఏమెరుక?"

"తప్పు సదివినవని. దొర వంటాయన అంగట్ల కలిసి ముందే చెప్పిండు. కట్ట మీద వేటకొస్తున్నం, కట్టెలు జమజేసి పెట్టు అన్నడు."

చావడి దగ్గర నేను గొంతు సవరించుకొని చదువుతున్నప్పుడు ఈయనకు అంతా తెలుసు. తెలిసే కాగితం అడిగి తీసుకున్నాడు. జవాను అరిచిన ప్రతి 'పర్' తెలిసే విన్నాడు.

"మరి నీ మాన్యం పోతే?"

"పోతుండె. ఫికర్ అయింది. కాదంటనా?"

"నా నౌకరీ పోతే?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "నీ నౌకరీ సంగతి నాకు యాదికి రాలేదు పటేలా" అన్నాడు. తరువాత ఒక్కసారిగా గొంతు పెంచాడు. "అంత మంచిగ నడుస్తుంటే నడుమ నువ్వెందుకు నోరు తెరిస్తివి? తప్పు సదివిన, శిక్ష వెయ్యిండ్రి అంటివి. గప్పుడు నాకు పాణం పోయింది. సర్కారు కాగితం సేతిల ఉన్నది, మీ హుకుమే దొరా అని తప్పించుకుందుము. నీ నిజం పాడుగాను!"

ఆ నిప్పుల చూపు ఎందుకో అప్పుడు తెలిసింది. కోపం రావలసింది నాకు. నన్నూ, నా చదువునూ, నా పొగరునూ కలిపి కట్టకు అడ్డం వేసి వాడుకున్నాడు. అయినా కోపం రాలేదు. పక్కన పెట్టిన కర్రను ఆయన మళ్ళీ తీసుకొని, బండ్ల తోవ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ పదిహేను రోజులూ ఆయన కట్ట దిగలేదు. దొర మనసు మారుతుందేమో, అతిథులు వినరేమో అని బండ్ల తోవ వైపే చూస్తూ కూర్చున్నాడు. సరిగా తినడం లేదని, కన్ను మూయడం లేదని ఆయన పెళ్ళాం, అవ్వ, నాతో మొరపెట్టుకుంది. చిత్త కార్తె సగంలో పిల్లలు ఒక్కొక్కటే చెట్టు నుంచి చెట్టుకు, తరువాత చెరువు దాటి పొలాలకు ఎగిరాయి. ఎగరలేని పిల్ల ఒకటి ఒక గూట్లో మిగిలింది. ఒకరోజు మధ్యాహ్నం అది రెక్కలు కొట్టుకొని, పడబోయి, నీళ్ళకు జానెడు ఎత్తున సర్దుకొని, వంకరటింకరగా అవతలి గట్టు చేరింది.

"పాయె" అన్నాడు నీరటి. తువ్వాలతో మొహం కప్పుకొని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. తరువాత ఆ తువ్వాలే కట్ట మీద పరుచుకొని, ఎండలోనే పడుకొని, రెండు నిమిషాల్లో గుర్రు పెట్టాడు. పొద్దు వాలినా లేవలేదు. నేను లేపలేదు. తూము దగ్గరికి దిగి, ఆయన రోజూ పొద్దుగూకే వేళ చేసినట్టే మళ్ళకు నీళ్ళు ఆపి, నేనే తూము మూసి వచ్చాను.